ముప్పయ్యో ఏటి గడప

మన సంప్రదాయంలో మనిషి బ్రతుకులోని మలుపులకు వేడుకలున్నాయి. బిడ్డ పుడితే బారసాల, తొలి ముద్దకు అన్నప్రాశన, తొలి అక్షరానికి అక్షరాభ్యాసం, పెళ్లికి పచ్చని పందిరి, కడుపు పండితే సీమంతం, అరవై నిండితే షష్టిపూర్తి. వెయ్యి పున్నములు చూసిన పెద్దలకు సహస్ర చంద్ర దర్శనం కూడా ఉన్నది. ఇన్ని వేడుకలున్నా ముప్పయ్యో ఏటికి మాత్రం ఏదీ లేదు. ఆనాడు కట్టవలసిన తోరణమూ లేదు, చేయవలసిన సంకల్పమూ లేదు.

అయినప్పటికీ మన కమ్మింగ్ ఇళ్లలో ఆడపిల్లకు ఇరవైతొమ్మిది నిండుతున్నదంటే ఒక లెక్క మొదలవుతుంది. చదువు పూర్తయిందా, ఉద్యోగం స్థిరపడిందా, పెళ్లి కుదిరిందా, సొంత ఇల్లు ఏర్పడిందా అని ఆ లెక్క సాగుతుంది. పైకి అడిగేవారు పిన్నులూ, పెద్దమ్మలూ, అత్తయ్యలూ కావచ్చు. పైకి అనకుండా మనసులో అడుగుకునేవారు తల్లిదండ్రులు. ఎవరూ అడగకపోయినా తనను తాను అడుగుకునేది ఆ అమ్మాయి. ఈ మూడో ప్రశ్నే అన్నింటికన్నా బరువైనది. ఎందుకంటే మొదటి ఇద్దరికీ నవ్వి జవాబు చెప్పవచ్చును గాని, తనకు తాను నవ్వి జవాబు చెప్పుకోవడం కష్టం.

కనుక ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే పరిశీలించాలని మా ఉద్దేశం. ఒక స్త్రీ తన ఇరవైల పదేళ్లను దాటేలోగా ఏమేమి సాధించి ఉండాలి? ఆ కొలమానం ఎవరు తయారు చేసినది? దానితో కొలవడం న్యాయమేనా?

ముప్పై అనే సంఖ్యకు ఆధారమే లేదని మేము అనము. ఆకాశం వైపు చూస్తే ఒక ఆధారం కనబడుతుంది. శనిగ్రహం సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు ఇరవైతొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. గురుగ్రహానికి సుమారు పన్నెండేళ్లు. గురుడు అయిదు చుట్లు, శని రెండు చుట్లు తిరిగేసరికి దాదాపు అరవై ఏళ్లవుతుంది. ప్రభవ మొదలు అక్షయ వరకు మన సంవత్సరాల పేర్లు కూడా అరవయ్యే. గురుని పన్నెండేళ్ల నడకను బట్టే మన నదులకు పుష్కరాలు వస్తాయి. 1997లో, ఈశ్వర నామ సంవత్సరంలో పుట్టిన అమ్మాయి తన ఆరో ఏట, 2003లో, గోదావరి పుష్కరాలు చూసి ఉంటుంది. 2015లో వచ్చిన పుష్కరాల నాటికి పద్దెనిమిది. 2027లో, ప్లవంగ నామ సంవత్సరంలో, మళ్లీ గోదావరికి పుష్కరాలు వచ్చే నాటికి ఆమెకు ముప్పై. అంటే అరవై పేర్లలో సరిగ్గా సగం ఆమె కళ్ల ముందు గడిచిపోయి ఉంటాయి.

కాబట్టి ముప్పయ్యో ఏడు ఒక ఆవృత్తి సగమయ్యే చోటు. ఆగి వెనక్కు చూసుకోవడానికి అది మంచి చోటే. అయితే పుష్కరస్నానానికి వచ్చినవారిని గోదావరి వారి లెక్కలు అడగదు. మునిగినవారినందరినీ ఒకే తీరున తడుపుతుంది. ఆవృత్తిని చెప్పడం ఆకాశం పని. తీర్పు చెప్పడం మనుషులు తరువాత చేర్చుకున్న పని.

ఆ తీర్పు కూడా కాలానికొక తీరుగా మారుతూ వచ్చింది. 1929లో చేసిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి కనీస వయస్సు పద్నాలుగేళ్లని నిర్ణయించింది. ఆనాడు ఎందరో పెద్దలు అది మరీ ఆలస్యమని ఆ చట్టాన్ని ఎదిరించారు. 1978లో చేసిన సవరణతో ఆ వయస్సు పద్దెనిమిది అయినది. ఈనాడు అమెరికాలో స్త్రీల తొలి వివాహపు మధ్యస్థ వయస్సు సుమారు ఇరవై ఎనిమిది. అదే సమయంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుండి ఇరవైనాలుగేళ్ల మధ్య ఉన్న స్త్రీలలో సుమారు 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఒకే భాష మాట్లాడే రెండు ఊళ్లలో, ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు అమ్మాయిల ఇరవైలు ఇంత వేరుగా ఉన్నప్పుడు, సరియైన వయస్సు ఇదీ అని గట్టిగా చెప్పడం ఎలా సాధ్యం?

వృత్తిని బట్టి కూడా ముప్పై అర్థం మారుతుంది. పి.వి. సింధు 2016లో రియో ఒలింపిక్స్ రజత పతకం గెలిచినప్పుడు ఆమెకు ఇరవై ఒకటి. టోక్యోలో కాంస్యం గెలిచే నాటికి ఇరవై ఆరు. 2024లో పారిస్‌లో పతకం రాలేదు. ఆ ఏడాది డిసెంబరులో, ఇరవైతొమ్మిదో ఏట, ఆమెకు వివాహమైనది. బ్యాడ్మింటన్ కోర్టులో ముప్పై అంటే సాయంకాలం. వైద్యంలో అదే ముప్పై తెల్లవారుజాము. ఈ దేశంలో పద్దెనిమిదో ఏట కళాశాలలో చేరిన అమ్మాయి నాలుగేళ్ల డిగ్రీ, నాలుగేళ్ల వైద్యవిద్య, ఆపైన కనీసం మూడేళ్ల రెసిడెన్సీ ముగించేసరికి ఇరవైతొమ్మిది నిండుతుంది. శస్త్రచికిత్సలో చేరితే ముప్పై దాటినా శిక్షణ సాగుతూనే ఉంటుంది. అమ్మాయి డాక్టరు కావాలనీ కోరి, ఇరవై ఆరింటికే అన్నీ కుదిరిపోవాలనీ కోరే ఇల్లు, ఒకే చేతితో రెండు పడవలను లాగుతున్నట్టే.

ఇక వలస వచ్చిన కుటుంబాలకు ఇంకొక గడియారం ఉన్నది. దానిని మన పంచాంగం లెక్కించదు. తల్లిదండ్రుల వీసా నీడలో, హెచ్-4 హోదాతో పెరిగిన పిల్లలకు ఇరవై ఒకటి నిండిన నాడు ఆ నీడ తొలగిపోతుంది. ఊహ తెలిసిన నాటి నుండి ఫోర్సైత్ కౌంటీ బడులలో చదివిన అమ్మాయి కూడా ఆ పుట్టినరోజు లోపల విద్యార్థి వీసాకో మరొక హోదాకో మారవలసిందే, లేదా దేశం విడిచి వెళ్లవలసిందే. ఇరవై రెండో ఏట చదువు ముగిస్తే ఏడాది పని చేసుకునే అనుమతి, సాంకేతిక విద్య చదివినవారికి మరో రెండేళ్లు, ఆ తరువాత లాటరీ. ఆమె ఇరవైలలో ఏ ఏడు ఏమి చేయాలన్నది చాలావరకు ఆ కాగితాలే నిర్ణయిస్తాయి. ఆమె తల్లి ఇరవైలు కూడా అటువంటివే. ఇంజనీరింగు పట్టా చేతబట్టుకొని భార్యగా వచ్చిన స్త్రీలు, 2015 మే నెలలో కొందరు హెచ్-4 భార్యలకు పని అనుమతి ఇచ్చే నిబంధన అమలులోకి వచ్చేవరకు, ఆ హోదాలో ఉద్యోగం చేయడానికే వీలులేకపోయింది. వారి ఇరవైలలో ఉద్యోగం లేదు గనుక మైలురాళ్లు లేవని ఎవరైనా అంటే, అది వారి లోపం కాదు, కొలిచేవారి అజ్ఞానం.

మైలురాయి అన్న మాటనే ఒకసారి చూడండి. మైలురాళ్లను పాతేది బాట వేసినవారు. నడిచేవారు కాదు. మన భాషలో దానికి తోడుగా మరొక మాట ఉన్నది, మజిలీ. మజిలీ అంటే ప్రయాణికుడు తన బలాన్నీ, ఎండనూ, నీటి వసతినీ చూసుకొని ఆగే చోటు. రాయి ఎవరికైనా ఒకే చోట ఉంటుంది. మజిలీ ఎవరిది వారిది. ఒక స్త్రీ జీవితాన్ని రాళ్లతో కొలవాలా, మజిలీలతో తెలుసుకోవాలా అన్నదే మా ప్రశ్నకు మూలం.

ఈ సందర్భంలో ఇద్దరు తెలుగు స్త్రీల ఇరవైలను మన పిల్లలకు పరిచయం చేయాలి.

మొదటివారు భండారు అచ్చమాంబగారు. 1874లో కృష్ణా మండలంలో జన్మించారు. పదో ఏటనే పెళ్లి అయినది. బడికి వెళ్లి చదువుకున్నది లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు, తరువాతి కాలంలో తెలుగువారి విజ్ఞాన సర్వస్వానికి శ్రీకారం చుట్టినవారు, తన చదువు సాగుతుండగా అక్కగారికి కూడా చదువు నేర్పారు. ఆమె తెలుగుతో ఆగక మరికొన్ని భాషలూ నేర్చుకున్నారు. కన్న బిడ్డలు దక్కలేదు. ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాల అనే గ్రంథానికి పూనుకొని, మన దేశపు స్త్రీల జీవిత చరిత్రలను సేకరించి వ్రాశారు. స్త్రీలు బలహీనులనీ, తెలివిలేనివారనీ అనేవారికి వారి చరిత్రలతోనే జవాబు చెప్పడం ఆమె ఉద్దేశం. 1902లో ధనత్రయోదశి అనే కథ వ్రాశారు. తెలుగులో తొలి కథ ఇదేనని నేడు పలువురు విమర్శకులు భావిస్తున్నారు. అదే ఏడు మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. 1905 జనవరిలో, ముప్పై ఏళ్ల వయస్సులోనే, కన్నుమూశారు.

ఆమెకు ఇరవైలు తప్ప మరేమీ మిగలలేదు. ముప్పై తరువాత చూసుకుందామని ఆమె ఆ కథను దాచి ఉంటే, ఆ కథ మనకు లేదు. ఆ సమాజమూ లేదు. అయినా ఆమె కాలం దగ్గర పడిందని తెలిసి తొందరపడి చేసిన పనులు కావవి. తనకు ఏది ముఖ్యమో తెలిసి, దానిని ఆనాడే చేయడం వలన జరిగినవి.

రెండవవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు. 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిసిన తరువాత ఆ కాపురం తనకు సమ్మతం కాదని ఆమె చెప్పారు. తండ్రీ, సోదరుడూ ఆమె మాటను గౌరవించారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ సందర్భంగా, పద్నాలుగేళ్ల స్వచ్ఛంద సేవికగా, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ద్వారం వద్ద ఆపిన కథ అందరికీ తెలిసినదే. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. 1933 లోపల మూడుసార్లు ఆమెను నిర్బంధించారు. విడుదలైన తరువాత, తన ఈడువారు బిడ్డల తల్లులైన వయస్సులో, మెట్రిక్యులేషను పుస్తకాలు పట్టుకున్నారు. 1937లో, ఇరవై ఎనిమిదో ఏట, మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేశారు. చదువు మానిన ఆడపిల్లలను పరీక్షలకు సిద్ధపరచడం ఆ సభ తొలి పనులలో ఒకటి.

1939 జూలై 15న ఆమెకు ముప్పై నిండినది. ఆనాడు మన లెక్క వేసి చూడండి. మొదటి పెళ్లి నిలవలేదు. మూడు జైలు శిక్షలున్నాయి. న్యాయశాస్త్ర పట్టా ఇంకా మూడేళ్ల దూరంలో, 1942లో ఉన్నది. రాజ్యాంగ సభ సభ్యత్వం 1946లో. చింతామణ్ దేశ్‌ముఖ్‌గారితో వివాహం 1953లో, నలభై మూడో ఏట. ముప్పయ్యో ఏటి రాయి దగ్గర నిలబడి ఆమెను కొలిచి ఉంటే ఎవరైనా తల విదిలించి ఉండేవారు. కాని ఆమెను ఆమెగా చేసినవన్నీ అప్పటికే ఆమెలో ఉన్నాయి. వద్దు అనగల ధైర్యం, వెనుకబడిన చోటు నుండి సిగ్గుపడక మళ్లీ మొదలుపెట్టగల ఓర్పు, తనకు దొరకని చదువును ఇతరులకు దొరికేట్టు చేయాలన్న తపన. పట్టాలూ పదవులూ ఆ తరువాత వచ్చిన ఫలాలు మాత్రమే.

ఈ ఇద్దరి జీవితాలు పక్కపక్కన ఉంచి చూస్తే మనం తరచుగా వినే రెండు మాటలూ నిలవవు. అంతా ముప్పై లోపలే జరగాలన్న మాటను దుర్గాబాయిగారి జీవితం కాదంటుంది. ఇంకా బోలెడు కాలం ఉన్నదన్న మాటను అచ్చమాంబగారి జీవితం కాదంటుంది. కాలం చాలదన్న భయమూ, కాలం చాలా ఉన్నదన్న ధీమా రెండూ ఒకే పొరపాటు నుండి పుట్టినవి. ఆ రెండూ బ్రతుకును దాని పొడవుతో కొలుస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మహనీయుల కథలు చెప్పి, చూడు, ఆమె నీ వయస్సుకు ఎంత చేసిందో అని పిల్లలను పొడవడం కూడా ఒక కొలమానమే. పెళ్లి రాయి తీసి కీర్తి రాయి పాతినంత మాత్రాన బాట మారదు. రోగంతో ఉన్న తండ్రికి తోడుగా ఇరవైలలో మూడేళ్లు గడిపిన అమ్మాయి పేరు ఏ గ్రంథంలోనూ ఉండదు. తమ్ముని చదువుకోసం తన పై చదువు ఆపుకున్న అమ్మాయికీ, కుంగిన మనస్సుతో వైద్యుని సాయం తీసుకొని మళ్లీ లేచి నిలబడిన అమ్మాయికీ కూడా ఉండదు. వారి ఇరవైలు ఖాళీవి కావు.

మరొక అభ్యంతరాన్ని కూడా నిజాయితీగా ఎదుర్కొనాలి. పెద్దల తొందరంతా లోకం కోసమే కాదు. స్త్రీ శరీరానికి తనదైన కాలధర్మం ఉన్నది. సంతానయోగ్యత ముప్పైలలో క్రమంగా తగ్గుతుంది, ముప్పై అయిదు దాటిన తరువాత మరింత వేగంగా తగ్గుతుంది. దీనిని దాచి, అన్నీ ఎప్పుడైనా సాధ్యమేనని చెప్పడం పిల్లలకు మేలు చేయడం కాదు. అయితే వాస్తవం చెప్పడం వేరు, తీర్పు చెప్పడం వేరు. బిడ్డలు కావాలనుకుంటే ఈ సంగతి తెలుసుకొని ఆలోచించుకో అనడం వాస్తవం. ఆమె చేతికి అది ఒక దీపం ఇస్తుంది. ఇంతవరకు పెళ్లి కాలేదంటే ఎక్కడో లోపమున్నది అనడం తీర్పు. ఆ మాట చేతిలోని దీపాన్ని ఆర్పుతుంది. ఒకే ఆందోళన, చెప్పే తీరును బట్టి, ఆదరణ కావచ్చు, అవమానమూ కావచ్చు.

అట్లయితే ఇరవైల నుండి స్త్రీ వెంట తీసుకొని వెళ్లవలసినవి ఏవి? మాకు తోచినవి చెబుతాము.

మొదటిది తన మాట తాను పలకగలగడం. ఔనన్నప్పుడు మనసారా అనగలగడం, కాదన్నప్పుడు కోపం లేకుండా, భయం లేకుండా అనగలగడం. ఇది మన ఇళ్లలో సులభంగా రాదు. ఎందుకంటే మనం అణకువను మెచ్చుకుంటాము. అణకువ మంచిదే. కాని కాదనలేనివారి ఔను అణకువ కాదు. అది లొంగుబాటు.

రెండవది తన ధనం లెక్క తనకు తెలియడం. స్త్రీధనం అన్న భావన మన ధర్మశాస్త్రాలలోనే ఉన్నది. ఈ దేశంలో ఇరవై ఆరు నిండితే తల్లిదండ్రుల ఆరోగ్య బీమా నుండి పిల్లలు బయటకు వస్తారు. ఆనాటి నుండి తన బీమా, తన పన్ను, తన పొదుపు, తన అప్పు ఏ స్థితిలో ఉన్నవో ఆమెకే తెలిసి ఉండాలి. సంపాదన ఎంత అన్నది తరువాతి మాట.

మూడవది ఓడిపోయి బ్రతకడం నేర్వడం. చదువులో ముందుండే మన పిల్లలకు మొదటి పెద్ద ఓటమి చాలాసార్లు ఇరవైలలోనే ఎదురవుతుంది. కోరిన కళాశాల రాకపోవడం, లాటరీలో పేరు రాకపోవడం, మనసిచ్చినవారు విడిచిపోవడం. ఆ తరువాతి ఉదయం లేచి పళ్లు తోముకొని పనికి వెళ్లగలిగిన అమ్మాయి ఏ పట్టమూ ఇవ్వలేని విద్యను సంపాదించినట్టే.

నాలుగవది తనకు బంధుత్వం లేని ఒకరి భారాన్ని కొంతైనా మోయడం. గుడిలో ఆదివారం చిన్నపిల్లలకు అ, ఆలు నేర్పడం కావచ్చు, కొత్తగా వచ్చిన విద్యార్థినికి మొదటి నెల అన్నం పెట్టడం కావచ్చు. తన గురించి తాను ఆలోచించడం ఇరవైల సహజ ధర్మం. అందులోనే ఇతరుల గురించి ఆలోచించడం మొదలైతే అది ఎదుగుదల.

అయిదవది తల్లిదండ్రులను మనుషులుగా చూడగలగడం. చిన్ననాడు వారు దేవుళ్లు. పదహారింట వారు అడ్డుగోడలు. ముప్పై సమీపించేసరికి వారు కూడా ఒకనాడు ఇరవైతొమ్మిదేళ్ల వారేనని, తెలియని దేశంలో, తెలియని దారిలో, తప్పులు చేస్తూ ఒప్పులు చేస్తూ తమను పెంచారని తెలియాలి. ఈ తెలివిడి వచ్చిన నాడు అమ్మాయి నిజంగా ఇల్లు దాటినట్టు. దూరంగా వేరే ఊరిలో ఉన్నా, మేడ మీది గదిలోనే ఉన్నా సరే.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పై అయిదింటిలో ఏ ఒక్కటీ పుట్టినరోజు విందులో బంధువులకు చూపించదగినది కాదు. ఉంగరంలా మెరవదు, ఇంటిలా ఫొటోలో కనబడదు. కాబట్టి వాటిని చూడగలిగేది దగ్గరివారే. మీరు చూసి గుర్తించకపోతే ఎవరూ గుర్తించరు. ముప్పై నిండిన మీ అమ్మాయికి ఇంకా జరగనివాటి గురించి ఆమెకు మీకన్నా బాగా తెలుసు. ఆమెలో మీరు గమనించిన ఎదుగుదలను, ఒక్కటైనా, పేరుపెట్టి చెప్పండి. తెలుగులోనే చెప్పండి. పొగడ్తను ఇంగ్లీషులోనూ, మందలింపును తెలుగులోనూ వింటూ పెరిగిన పిల్లలకు మన భాష తీర్పుల భాషగా మిగిలిపోతుంది.

ఇరవైలు దాటుతున్న అమ్మాయిలకు ఒక చిన్న పని అప్పగిస్తున్నాము. మీ అమ్మనూ, అవకాశముంటే అమ్మమ్మనూ, నాయనమ్మనూ పిలిచి, మీకు ఇరవైతొమ్మిదేళ్లప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు, ఏమి చేస్తున్నారు, దేనికి భయపడ్డారు, ఏది కావాలనుకున్నారు అని అడగండి. బహుశా ఇంతవరకు వారిని ఎవరూ అలా అడిగి ఉండరు. వారు చెప్పినది మీకు వచ్చినంత తెలుగులో, తప్పులున్నా సరే, ఒక పుస్తకంలో వ్రాయండి. ఎదుటి పుటలో మీ ఇరవైతొమ్మిదో ఏటిని వ్రాయండి. అచ్చమాంబగారు చేసిన పని కూడా ఇదే. ఆమె దేశమంతటి స్త్రీల చరిత్రలు సేకరించారు. మీరు ఒక్క ఇంటి స్త్రీలతో మొదలుపెడితే చాలు.